కూపన్ సబ్బుల హర్రాజు

మా మామ ఇంకో సబ్బుపెట్టె ఎత్తుకొచ్చి వాకిట్ల ధబ్బున పడేసిండు. నడుము నొప్పని నీళ్ల బకెట్ కూడ ముట్టని మనిషి, నా మాల్ బయట పడేసుడు షురూ చేసినంక పహిల్వాన్ అయిండు.

“మామా, నడుము పట్టుకుంటది. చెప్తే నేనే పెడుతుంటి గదా,” అన్న.

“నవ్వులాటగున్నదా నీకు?”

“ఏడ్వుమంటరా మరి?”

మల్ల ముందటి అర్రలకు పోయి ఈసారి బెల్లం గంప తెచ్చిండు. దాన్ని మాత్రం మెల్లగ దించిండు. తినే వస్తువు గదా, పాపం తగుల్తదని భయం. సబ్బులకు ఆ మర్యాద లేదు.

గోడ అవతల పక్కింటామె బట్టలు ఆరేస్తున్నది. ఉన్నయే నాలుగు బట్టలు. పొద్దుగాల సంది అవ్వే ఆరేస్తున్నది. చెవులు మాత్రం మా వాకిట్లనే ఉన్నయి.

మా అత్తమ్మ సాయమ్మ గల్మ కాడ కూసొని బియ్యం చెరుగుతున్నది. ఈ ఇంట్ల ఆమె మాట వినవడుడే తక్కువ. మామ గొంతు లేస్తే ఆమె చాట చప్పుడు లేస్తది, గంతే. నేను కాపురానికొచ్చిన కాడికెంచి ఆమె మామ మాటకు ఎదురు చెప్పంగ వినలె.

“రేపు ఆరాధన కాంగనే లేచి నిలవడతవ్,” అన్నడు మామ, చేతులు దులుపుకుంట. “కూపన్ సామాను అమ్మిన, తప్పైంది, ఇగ అమ్మనని సంఘం ముందట చెప్తవ్. పాస్టరు అయ్యగారితోని మాట్లాడిన. ఆయన సోమవారం కంపెనీకి పోయి హెచ్‌ఆర్ సారుకు నచ్చజెప్తడు. నీ మొగడు రాకీ నౌకరి నిలవడతది. కథ ఖతం.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే కొడుకు నౌకరి పోతది. నా చేతులకెంచి హర్రాజు పోతది. నిన్న కమిటీల మొఖం మీదనే అడిగిన్రు. ఇంట్ల కోడలు దొంగ యాపారం చేస్తుంటే దేవుని సొమ్ము నీ చేతుల ఎట్ల పెడదం కృపానందం అని.”

రేపు మా చర్చి గుడిల కోతపండుగ. ఏ ఇంటికెంచి ఏదొస్తే అది, వడ్లు, గుమ్మడికాయ, కోడిపుంజు, దేవుని ముందట పెడతరు. ఆరాధన అయినంక అన్నిటిని హర్రాజు ఏస్తరు. పాట పాడించేది ఏండ్ల సంది మా మామనే. వస్తువు మీద నీలం సుద్దతోని నంబరేస్తడు, ఎత్తి చూపిస్తడు, ఒకటోసారి, రెండోసారి అంటడు. ఆ గొంతుకు సంఘమంత ఫిదా. పండుగకు ముందునాడే సుద్దముక్క జేబుల ఏసుకొని తిరుగుతడు. తెల్లంగి జేబు అప్పుడే నీలం పట్టింది.

ఆయన బాధ నాకు తెల్వక కాదు. గని “దొంగ యాపారం” అన్న మాట నా కడుపుల కారం పోసింది.

“దొంగతనం ఎవలింట్ల చేసిన మామా?”

“కంపెనీల. ముప్పై ఏండ్లు ఆ కంపెనీల పనిచేసిన నేను. ఆ కూపన్ల బియ్యంతోనే నీ మొగణ్ణి సాదిన. అవి ఎందుకిస్తరు? పర్మినెంటోడు, వాని పెండ్లాం పిల్లలు వాడుకోవాలని ఇస్తరు. గేటు లోపలి స్టోర్‌ల సబ్బు, బెల్లం, నూనె సగం ధరకే ఇచ్చేది ఇంట్ల పెట్టుకొమ్మని. బజార్ల పెట్టుమని కాదు.”

“ఊకెనే ఇచ్చిన్రా? పైసలు కట్టి కొన్నం. పైసలు కట్టినంక సబ్బు నాది. రుద్దుకుంటనో, అమ్ముకుంటనో నా ఇష్టం.”

“సబ్బు నీదే. మిగిలిన సగం ధర ఎవలు కట్టిన్రు? కంపెనీ కట్టింది. నువ్వు అమ్ముకుంటున్నది ఆ సగాన్ని.”

మంచి దెబ్బనే కొట్టిండు. సంఘం పంచాయితీలు తెంపే మనిషి, ఆయనకు మాటలు కరువా! అత్తమ్మ చాట చెరుగుతనే ఉన్నది.

“ఆ సగం ఎందుకు కట్టింది కంపెనీ?” అన్న. “దుమ్ముల పనిచేస్తరు, సబ్బుతోని ఒళ్లు, బెల్లంతోని గొంతు కడుక్కోవాలె అని. మరి కాంట్రాక్టోళ్లు ఏడ పనిచేస్తున్నరు, పూలతోటలనా? మొగులక్క ఊడ్చేది అదే దుమ్ము. ఒడిశాకెంచి వచ్చిన పోరగాండ్లు మోసేది అదే దుమ్ము. వాళ్లకు ఒక్క కూపన్ లేదు. పర్మినెంటోళ్ల ఇండ్లల్ల సబ్బులు అటకెక్కి ఎండుతున్నయి. నేను వాళ్ల కాడ కొని వీళ్లకు అమ్మిన. నరసరాజు సేటు కిరాణం కంటే అగ్గువకే అమ్మిన.”

“లాభం తీసుకోలేదా?”

“తీసుకున్న. ఎందుకు తీసుకోవద్దు? నెత్తి మీద మోసిన. వానల మోసిన. తలుపు బార్ల తెరిచి అమ్మిన, దాచుకోలె. లాభం తీసుకుంటే పాపమైతే నరసరాజు సేటు నరకంల ఉండాలె, ఏసీ గదిల కాదు.”

అత్తమ్మ తల ఎత్తలె గని, పెదవి జెర కదిలినట్టనిపిచ్చింది.

గప్పుడే గేటు కిర్రుమన్నది. మొగులక్క. కంపెనీల కాంట్రాక్టు మీద ఊడుస్తది. చీర మీద ఆకుపచ్చ కోటు ఇంకా ఇప్పలె, చేతిల సంచి ఉన్నది. వాకిట్ల పెట్టెలను చూసి ఆగింది.

“ఏందమ్మా ఎల్సీ, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?”

“దుకాణం బందైంది మొగులమ్మా,” అన్నడు మామ. “ఇగ ఈడ ఏం అమ్మరు.”

“అయ్యో! జెర బెల్లం, రెండు సబ్బులు అనుకొని వస్తి పెద్దయ్యా.” అంటనే దగ్గొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆగకుంట దగ్గింది.

మామ మనసు రాయి కాదు, ఆ మాట చెప్పాలె. గంపల చెయ్యి పెట్టి పెద్ద బెల్లం ముద్ద తీసి ఆమె చేతిల పెట్టిండు. “తీస్కపో. పైసలొద్దు.”

మొగులక్క ఆ ముద్ద దిక్కు చూసింది. మామ దిక్కు చూసింది.

“ఊకె ఎందుకు పెద్దయ్యా?”

“దగ్గుతున్నవ్ గదా. తీస్కపో బిడ్డా, ఏం కాదు.”

“నేను అడుక్కోనీకె రాలె పెద్దయ్యా. కొనుక్కోనీకొచ్చిన.” బెల్లం తీసి మల్ల గంపల పెట్టి, మీద గుడ్డ సక్కగ కప్పింది. “ఎల్సీ కాడ కొంటే నేను గిరాకిని. ఏది మంచిగలేకున్నా మొఖం మీద చెప్తుంటి. నీ కాడ ఊకె తింటే నోరెట్ల లేస్తది నాకు?”

గేటు దగ్గరికేసి పోయింది. మామ అట్లనే నిలవడ్డడు. చేతికి బెల్లం జిగురు అంటింది, తుడ్సుకుంటానికి ఏం దొరకక అంగికే తుడ్సుకున్నడు.

“విన్నరా?” అన్న.

“విన్న. నీ నోరు ఆగితే ఇంకా మంచిగ వినవడుతుండె.”

*

రాకీ నైట్ షిఫ్ట్ అయి పదింటికి ఇంటికొచ్చిండు. బండి గేటు బయటనే ఆపి, పెట్టెల నడుమకెంచి అడుగులు ఏసుకుంట వచ్చిండు. ఒక్క మాట అడగలె. కాళ్లు కడుక్కొని, ఇంత అన్నం కలుపుకొని, తినకుంట కూసున్నడు.

“తిను,” అన్న.

“షిఫ్ట్ కాంగనే మల్ల పిలిచిండు హెచ్‌ఆర్ సారు. సోమవారం దాక టైమిచ్చిండు. ఆ తర్వాత నోటీసేనట. మా లైన్ల అందరి కూపన్లు కూడ బందు పెడ్తడట. షిఫ్ట్ మొత్తం నా దిక్కే చూస్తున్నది ఎల్సీ. నిన్నటి దాక వదినా సబ్బులు కావాల్నా అని అడిగినోళ్లే, ఇయ్యాల నా పక్కన కూసొని డబ్బా ఇప్పుతలేరు.”

“వాళ్లు నాకు అమ్మలేదా?”

“అమ్మిన్రు. ఎవడన్న ఒప్పుకుంటడా?”

“ఎవలు చెప్పిన్రట సారుకు?”

“నరసరాజు సేటు. ఆయన దుకాణం వెనుక అర్రల మన సబ్బుపెట్టె దొరికింది. సగం సబ్బులు అమ్ముడువోయినయి, సగం అట్లనే ఉన్నయి. ఎవలిచ్చిన్రంటే, కృపానందం కోడలు అమ్మిందని చెప్పిండట.”

నా ఒళ్లు మండింది. “అబద్ధం! పెట్టెకు పెట్టె నేను ఎవలికీ అమ్మలె. ఒకటి, రెండు, గంతే. అసలు ఆ సేటు నా గడప తొక్కితే గదా. నా గిరాకీ తన దుకాణం కెంచే వచ్చిందని నన్ను చూస్తే పండ్లు కొరుకుతడు.”

“నాకేం తెలుసు? సారు టేబుల్ మీద పెట్టి చూపిచ్చిండు. కంపెనీ పెట్టెనే. మీద అమ్మరాదని ముద్ర కూడ ఉన్నది. దాని పక్కన నీలం సుద్దతోని పదిహేడు అని ఏసున్నది.”

అత్తమ్మ చాట ఆగింది.

నేను మామ దిక్కు చూసిన. ఆయన చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. మల్ల కిందికి దిగింది.

“మామా,” అన్న, “పదిహేడు ఎవలు ఏసిన్రు?”

గోడ అవతల పక్కింటామె బకెట్ చప్పుడు కూడ ఆగింది.

రాకీకి ఇంకా సమజ్ కాలె. “ఏంది? ఏమైంది?”

“పోయినేడు కోతపండుగకు మన ఇంటి కానుక ఏందో యాదున్నదా నీకు? నీ కూపన్ల మీద తెచ్చిన సబ్బుపెట్టె. కట్టు ఇప్పకుంట తీస్కపోయిండు మీ నాయిన. నంబరేసిండు. హర్రాజు పాడించిండు. గట్టిగ పాడి ఎత్తుకపోయింది ఎవలు? నరసరాజు సేటు. ఆయన మన దేవుణ్ణి మొక్కడు గని మన హర్రాజుకు ఏ ఏడూ తప్పడు.”

రాకీ చేతిల ముద్ద పళ్లెంల పడ్డది.

“అది వేరు,” అన్నడు మామ. గొంతుల ఎప్పటి జోరు లేదు. “అది కానుక. దేవుని మందిరానికిచ్చింది.”

“ఇచ్చినంక అమ్మిన్రు గదా.”

“హర్రాజు వేరు, అమ్ముడు వేరు.”

“ఎక్కువ పైసలు ఎవలిస్తే వాళ్ల చేతిల పెట్టుడును ఏమంటరు మామా? నేను అగ్గువకు అమ్మితే దొంగతనం, మీరు పిరానికి అమ్మితే పుణ్యమా? దేవుని పేరు చెప్తే కానుక, కడుపు పేరు చెప్తే పాపమా?”

“ఎల్సీ!” అని లేచిండు. నా మీదికి చెయ్యెత్తుతడనుకున్న. ఎత్తలె. ఆ మనిషి ఎవల మీద చెయ్యెత్తంగ నేను చూడలె. అట్లనే కూలవడ్డట్టు మంచం మీద కూసున్నడు.

“ఆ పైసలతోని గుడికి మైకు సెట్ కొన్నరు,” అన్నడు మెల్లగ. “నేను ఒక్క పైస ముట్టలె.”

“నాకు తెలుసు. మీరు ముట్టరు. నేను దొంగను అని కూడ మీకు లోపల అనిపిస్తలేదు. అయినా నన్ను నిలవడి చెప్పుమంటున్నరు.”

రాకీ చెయ్యి కడుక్కొని వచ్చిండు. నన్ను లోపలి అర్రలకు పిలిచి తలుపు దగ్గరికేసిండు. పెండ్లయిన కాడికెంచి నన్ను కసిరింది లేదు రాకీ. ఇప్పుడు కూడ కసరలె, అదే నాకు ఎక్కువ బాధైంది.

“మా నాయిన పేరు బయట పెట్టకు ఎల్సీ. దండం పెడ్త. ఆయనకు ఆ హర్రాజు తప్ప ఇంకేం మిగిలింది? కంపెనీ లేదు, పని లేదు. ఏడాదికి ఒక్కరోజు నలుగురు ఆయన గొంతు వింటరు. అది కూడ పోతే మనిషి పండుకుంటడు.”

“నా పేరు పోతే?”

“ఒక్క మాటనే గదా. నోటితోని అను, మనసుల అనకు.”

“నోరు నాది కాదా?”

“అయితే నా నౌకరి పోయినా నీకు పర్వా లేదా?”

నాకు భయమైంది, అబద్ధమెందుకు! రాకీ నౌకరి పోతే ఈ ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతదో తెల్వనిదాన్ని కాదు. గని దొంగ అన్న పేరు ఒక్కసారి అంటుకుంటే ఏ సబ్బు పెట్టి రుద్దినా పోదు. రేపు మొగులక్క నా దిక్కు ఎట్ల చూస్తది? నా గిరాకీలు నా కాడికి ఏ మొఖంతోని వస్తరు? దొంగ కాడ కొన్నోళ్లు కూడ దొంగలే గదా.

“సరే,” అన్న. “మాటిస్తున్న. మీ నాయిన పేరు నా నోటికెంచి రాదు. ఆ నంబరు ముచ్చట కూడ రాదు.”

రాకీ ఊపిరి పీల్చుకున్నడు. “తప్పైందని చెప్తవ్ గదా?”

“గా మాట నేనియ్యలె.”

తలుపు తీసుకొని వాకిట్లకొచ్చిన. పెట్టెలు ఎండల ఉన్నయి, సబ్బులు కరుగుతయని ఒక్కదాన్నే ఎత్తి అర్రలకు మొయ్యవట్టిన. మామ మంచం మీదికెంచి చూస్తుండు గని ఆపలె. రెండో పెట్టె వంగి పట్టుకుంటే, అవతలి కొన ఎవలో పట్టిన్రు. అత్తమ్మ.

“లేపు,” అన్నది. పొద్దుగాల సంది ఆమె అన్న మాట అదొక్కటే.

*

ఆదివారం గుడి నిండింది. ముందట బల్ల మీద గుమ్మడికాయలు, కింద వడ్ల బస్తాలు, జొన్న కంకులు. కాళ్లు కట్టేసిన కోడిపుంజు ఒకటి, అయ్యగారు ప్రసంగం చేస్తున్నంత సేపు నడుమ నడుమ కూసింది. పిల్లలు నవ్విన్రు. నాకు నవ్వు రాలె.

మామ ముందటి కుర్సీల ఉన్నడు, ఇస్త్రీ చేసిన అంగి, జేబుల సుద్ద. రాకీ మగోళ్ల దిక్కు గోడకానుకొని నిలవడ్డడు. వెనుక తలుపు కాడ, చెప్పుల పక్కన, నరసరాజు సేటు చేతులు కట్టుకొని ఉన్నడు. ఏం తెల్వనోని లెక్క కోడిపుంజు దిక్కు చూస్తుండు.

ఆశీర్వాదం అయినంక అయ్యగారు మైకు కాడ ఆగిండు. ఆ మైకు మా సబ్బుల పైసలతోని కొన్నదే.

“హర్రాజుకు ముందు మన ఎల్సమ్మ ఒక మాట చెప్తది. ఎవరూ కదలొద్దు.”

అందరి తలకాయలు తిరిగినయి. నేను లేచిన. లేచి ముందటికి పోలె, వెనుక తలుపు కెంచి బయటికి నడిసిన. నా వెనుక గుసగుసలు లేసినయి. “పారిపోతున్నది” అని ఎవలో అన్నరు. అరుగు మీద పొద్దున్నే పెట్టొచ్చిన సబ్బుపెట్టె ఎత్తి నెత్తి మీద పెట్టుకొని మల్ల లోపటికొచ్చిన. సేటు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు.

మామ ముందటనే బల్ల మీద, గుమ్మడికాయల నడుమ, పెట్టె దించిన. ముద్ర ఉన్న దిక్కు జనానికి కనవడేటట్టు తిప్పిన.

“తప్పైందని చెప్పుమన్నరు,” అన్న. మైకు దగ్గరికి పోలె. నా గొంతు చాలు. “అనే ముందు మిమ్ముల ఒకటి అడుగుత. ఇది మా ఇంటి కానుక. కంపెనీ కూపన్ల మీద కొన్న సబ్బులు. మీద అమ్మరాదని ఉన్నది, కండ్లున్నోళ్లు చదువుకోన్రి. ఇసొంటివి మీల శానమంది ఇండ్లల్లకెంచి నా ఇంటికొచ్చినయి. నేను పైసలిచ్చి కొన్న, పైసలు తీసుకొని అమ్మిన. ఇప్పుడు దీన్ని హర్రాజు పాడియ్యున్రి. పాడిస్తే నేను చేసింది కూడ తప్పు కాదు, సోమవారం అయ్యగారు పోయి హెచ్‌ఆర్ సారుకు గదే చెప్పాలె. పాడియ్యం అంటే, అది కూడ చెప్పున్రి. ఇక్కడికిక్కడ మోకాళ్లేసి తప్పు ఒప్పుకుంట. గని నాకు సబ్బులు అమ్మినోళ్లు కూడ వచ్చి నా పక్కన మోకాళ్లెయ్యాలె. ఒక్కదాన్నే ఒప్పుకోను.”

మగోళ్ల దిక్కు శానమందికి ఒక్కసారే కీర్తనల పుస్తకం అవసరం పడ్డది. తెరిచి చదువుతున్నరు.

“ఎల్సమ్మా, ఇది పద్ధతి కాదు,” అన్నడు అయ్యగారు.

“పద్ధతి మీరు చెప్పున్రి అయ్యగారూ. దేవునికిచ్చిన కానుకను వాపస్ పంపుతరా?”

ఆయన నోరు తెరిచిండు, మల్ల మూసుకున్నడు. మామ దిక్కు చూసిండు. “కృపానందం గారూ, హర్రాజు మీ చేతిల ఉన్నది. మీరే తేల్చున్రి.”

మామ లేచిండు. జేబులకెంచి సుద్ద తీసిండు. పెట్టె కాడికొచ్చి అట్ట మీద చెయ్యి పెట్టిండు, ముద్ర కనవడకుంట అరచెయ్యి అడ్డం పెట్టినట్టు పెట్టిండు. నా దిక్కు చూసిండు. పెడ్తదా, పేరు బయట పెడ్తదా అన్న భయం ఆ కండ్లల్ల ఉన్నది. నాకు కోపం వచ్చింది, దుఃఖం కూడ వచ్చింది. నేను తల అడ్డంగ ఊపిన. పెట్టను మామా అని.

ఆయనకు సమజైంది. సమజైనంక కూడ సుద్ద కదలలె. నంబరేస్తే తను నన్ను అన్న మాటలన్ని అబద్ధమైతయి. ఎయ్యకపోతే నేను మోకాళ్లెయ్యాలె. రాకీ గోడ ఇడిసి ముందటికి రాబోయి ఆగిండు. వెనుక నరసరాజు సేటు చెప్పులు తొడుక్కుంటున్నడు.

“కృపానందం గారూ,” అన్నడు అయ్యగారు మల్ల.

మామ సుద్ద బల్ల మీద పెట్టిండు. పెట్టె ఎత్తి కింద పెడ్తానికి రెండు చేతులు పట్టిండు. ఇగ నేను మోకాళ్లెయ్యాల్సిందే అనుకున్న.

“నా పాట. నూరు రూపాయలు.”

ఆడోళ్ల దిక్కు కెంచి వచ్చింది ఆ గొంతు. చిన్న గొంతు, జెర బొంగురుది. ఎవలిదో సంఘంల శానమందికి తెల్వకపాయె. ఎన్నడన్న విన్నరా పాపం! మా అత్తమ్మ సాయమ్మ లేచి నిలవడ్డది. కొంగున కట్టిన కోడిగుడ్ల పైసలు ఇప్పుతున్నది.

మామ చేతులు పెట్టె మీదనే ఆగినయి. “పాట ఇంకా మొదలు పెట్టలె,” అన్నడు లోగొంతుతోని.

“నేను పెట్టిన.”

అత్తమ్మ బెంచీల నడుమకెంచి నడుచుకుంట ముందటికొచ్చింది. బల్ల మీది సుద్ద తీసి మొగని ముందట పట్టింది. ఆయన తీసుకోలె.

రాకీకి మాటిచ్చింది నేను. అత్తమ్మ ఎవ్వలికీ ఏ మాటా ఇయ్యలె.

“నంబరెయ్యి,” అన్నది మైకు ముందటనే. “పోయినేడు ఏం నంబరేసినవో యాదికి లేకుంటే నేను చెప్త.”